దగ్గులో నెత్తురు: దుఆతోపాటు దవా కూడా

రెండేళ్ళ క్రితం శీతాకాలం. ఫజ్ర్ నమాజు ముగిసిన తరువాత మదరసాలో పిల్లల సబఖ్ వింటున్నాము. హిఫ్జ్ చదువుతున్న పదకొండేళ్ళ పిల్లవాడు తన వంతు వచ్చినా పఠించక తలవంచుకొని కూర్చున్నాడు. దగ్గరకు పిలిచి కారణమడిగితే, "హజ్రత్, అబ్బా దగ్గితే నెత్తురు పడుతోంది. ఎవరికీ చెప్పొద్దని అమ్మీ అంది" అన్నాడు.

అదే సాయంత్రం ఆ పిల్లవాని తండ్రి ఒక నీళ్ళ సీసా పట్టుకొని మా వద్దకు వచ్చాడు. నెత్తురు మాట ఎత్తలేదు. "ఒంట్లో వేడి చేసింది హజ్రత్, దమ్ చేసి ఇవ్వండి" అని మాత్రమే అన్నాడు. మేము ఫాతిహా సూరా పఠించి నీళ్ళపై ఊది ఇచ్చాము. ఆయన ఆరోగ్యం కోసం దుఆ చేశాము. పంపించివేశాము. "ఆసుపత్రికి వెళ్ళావా?" అని ఒక్క మాటైనా అడగలేదు. పిల్లవాడు చెప్పినది మాకు గుర్తున్నది. అయినా, ఆయన దాచుకున్న విషయాన్ని మేమెందుకు తవ్వాలి, ఇంటి పరువు కాపాడటం మంచిది కదా అని మౌనంగా ఉండిపోయాము.

పన్నెండవ రోజు రాత్రి ఆ ఇంటి నుంచి ఏడుపులు వినిపించాయి. వెళ్ళి చూస్తే, ఆ సోదరుడు మంచంపై కూర్చొని దగ్గుతున్నాడు. దగ్గిన ప్రతిసారీ నోటి నుంచి ఎర్రని, నురగతో కూడిన నెత్తురు వస్తున్నది. మఠంపల్లి నుంచి హుజూర్‌నగర్‌కు, అక్కడి నుంచి సూర్యాపేటకు, సూర్యాపేట నుంచి హైదరాబాదుకు ఆ రాత్రి చేసిన ప్రయాణాన్ని మేము మరువలేము. ప్రతి పది నిమిషాలకూ ఆయన ఊపిరి ఆడుతున్నదా లేదా అని చూసుకుంటూ వెళ్ళాము. మరుసటి రోజు మధ్యాహ్నం వైద్యులు ఛాతీ కోయకుండా, ఒక సన్నని గొట్టం ద్వారా నెత్తురు కారుతున్న నాళాన్ని మూసివేశారు. అల్లాహ్ దయ వల్ల ఆ సోదరుడు నేటికీ మన మధ్యనే ఉన్నాడు. ఆయన అనుమతితోనే, పేరు చెప్పకుండా ఈ సంగతి వ్రాస్తున్నాము.

ఆనాటి నుంచి ఈ వ్యాధి గురించి, ఈ చికిత్స గురించి వైద్యులను అడిగి, చదివి తెలుసుకున్నాము. తెలుసుకున్నకొద్దీ మా మౌనం ఎంత ప్రమాదకరమైనదో అర్థమైంది. ఆ పన్నెండు రోజులు మరే ఇంటిలోనూ వృథా కాకూడదన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

నెత్తురు ఎక్కడి నుంచి వస్తుంది?

మన ఊపిరితిత్తులకు రెండు దారుల ద్వారా నెత్తురు అందుతుంది. మొదటిది గుండె కుడి భాగం నుంచి వచ్చే పెద్ద దారి. శరీరమంతా తిరిగి వచ్చిన నెత్తురు ఈ దారిన ఊపిరితిత్తులలోకి వెళ్ళి, గాలిలోని ప్రాణవాయువును తీసుకొని, గుండె ఎడమ భాగానికి చేరుతుంది.

ఈ మార్గాన్ని మొట్టమొదట స్పష్టంగా వివరించిన వైద్యుడు ఒక ముస్లిం పండితుడే. దమస్కు ప్రాంతంలో జన్మించి, కైరోలో వైద్యం చేసి, క్రీ.శ. 1288లో మరణించిన ఇబ్నునఫీస్ (రహిమహుల్లాహ్) షాఫయీ ఫిఖ్హ్‌లోనూ ఆరితేరినవారు. గుండె రెండు భాగాల నడుమ ఉన్న గోడలో రంధ్రాలున్నాయని, వాటి గుండా నెత్తురు ఇటునుంచి అటు పోతుందని అంతవరకు వైద్యలోకం నమ్మేది. ఆ గోడలో అటువంటి దారి లేదని, నెత్తురు ఊపిరితిత్తుల ద్వారానే ప్రయాణిస్తుందని ఇబ్నునఫీస్ వ్రాశారు. ఇబ్నుసీనా వైద్య గ్రంథంలోని శరీర నిర్మాణ భాగానికి ఆయన రచించిన వ్యాఖ్యానంలో ఈ విషయం ఉన్నది. దాని వ్రాతప్రతిని 1924లో బెర్లిన్ గ్రంథాలయంలో ఈజిప్టు వైద్యుడు ముహియుద్దీన్ తతావీ గుర్తించే వరకు ఆధునిక ప్రపంచం ఆయన ఘనతను మరచిపోయింది.

రెండవది సన్నని దారి. శరీరానికంతటికీ నెత్తురు పంపే మహాధమని నుంచి చిన్న కొమ్మలు చీలి శ్వాసనాళాల గోడలకు ఆహారం అందిస్తాయి. వీటిని శ్వాసనాళ ధమనులంటారు. ఆరోగ్యవంతునిలో వీటి మందం ఒకటిన్నర మిల్లీమీటర్లకు మించదు. ఊపిరితిత్తులకు చేరే నెత్తురులో నూటికి ఒక వంతు మాత్రమే వీటి ద్వారా వస్తుంది. కాని ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. పెద్ద దారిలో నెత్తురు ఒత్తిడి చాలా తక్కువ. ఈ చిన్న దారి మహాధమని నుంచి నేరుగా వస్తుంది గనుక దానిలో ఒత్తిడి ఆరు రెట్ల వరకు ఎక్కువ. అందువలననే, దగ్గుతో భారీగా నెత్తురు పడే రోగులలో నూటికి తొంభై మందిలో ఆ నెత్తురు ఈ చిన్న దారి నుంచే వస్తుందని వైద్యులు చెబుతారు.

టీబీ తగ్గింది కదా, మరి ఇదేమిటి?

మేము పైన చెప్పిన సోదరుడు పదేళ్ళ క్రితం క్షయకు మందులు వాడినవాడే. ఆరు నెలల కోర్సు పూర్తి చేశాడు. తెమడ పరీక్షలో క్రిములు లేవని తేలింది. "టీబీ తగ్గిపోయింది, ఇక ఏ భయమూ లేదు" అనుకున్నాడు. మళ్ళీ నెత్తురు కనిపించగానే "టీబీ తిరగబెట్టింది, ఊరంతా తెలుస్తుంది, ఆడపిల్ల నిఖా ఆగిపోతుంది" అని భయపడ్డాడు. ఆ భయమే నోరు మూయించింది.

నిజానికి క్రిములు చనిపోయినా అవి చేసిన గాయం మిగిలిపోవచ్చు. క్షయ సోకిన చోట ఊపిరితిత్తి కొంత గుల్లబారి గుంటలు పడుతుంది. శ్వాసనాళాలు సాగి, వెడల్పై, వాటిలో కళ్ళె నిలిచిపోతుంది. అక్కడ మాటిమాటికీ వాపు వస్తుంది. పాత గుంటలో కొన్నిసార్లు బూజు ఉండలా పెరుగుతుంది. ఇటువంటి చోట్ల శ్వాసనాళ ధమనులు క్రమంగా లావై, మెలికలు తిరిగి, పల్చని గోడలతో అల్లుకుంటాయి. ఒక జలుబు, ఒక గట్టి దగ్గు, కొన్నిసార్లు ఏ కారణమూ లేకుండానే ఆ పల్చని గోడ చిట్లుతుంది.

కాబట్టి రెండు తప్పులు చేయకూడదు. ఒకటి, "టీబీ తగ్గింది గనుక ఇది ఏమీ కాదు" అని ఊరుకోవటం. రెండవది, పరీక్ష లేకుండానే ఇంట్లో మిగిలిన పాత టీబీ మాత్రలు మళ్ళీ మొదలుపెట్టటం. క్షయ నిజంగా తిరిగి వచ్చిందా, లేక పాత గాయం నుంచే నెత్తురు వస్తున్నదా అన్నది తెమడ పరీక్ష, ఎక్స్‌రే, సీటీ స్కాన్ చెబుతాయి. ప్రభుత్వ ఆసుపత్రులలో తెమడ పరీక్ష, క్షయ మందులు ఉచితం. క్షయ రోగికి చికిత్స కాలంలో పోషకాహారం కోసం నిక్షయ్ పోషణ్ యోజన ద్వారా ఇచ్చే మొత్తాన్ని 2024 నవంబరు నుంచి నెలకు 1000 రూపాయలకు పెంచారు. దగ్గులో నెత్తురుకు క్షయ ఒక్కటే కారణం కాదు. శ్వాసనాళాల దీర్ఘకాల వ్యాధులు, ఊపిరితిత్తుల క్యాన్సర్ వల్ల కూడా రావచ్చు. బీడీ, సిగరెట్టు తాగేవారు మరింత జాగ్రత్తపడాలి.

మన మఠంపల్లి మండలంలో సున్నపురాయి గనులు, సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. మిర్యాలగూడ వైపు రైస్ మిల్లులు ఉన్నాయి. దుమ్ములో పనిచేసి కుటుంబాలను పోషించుకునే సోదరులెందరో మన మస్జిదులలో సఫ్‌లలో మన ప్రక్కనే నిలబడుతున్నారు. ఇళ్ళలో కట్టెల పొయ్యి పొగ పీల్చే సోదరీమణులూ ఉన్నారు. దెబ్బతిన్న ఊపిరితిత్తికి దుమ్ము, పొగ మరింత భారం. వీరి దగ్గును "మామూలే" అని తేలికగా తీసుకోరాదు.

ప్రాణం తీసేది నెత్తురు పోవటం కాదు

ఈ విషయం వైద్యులు మాకు చెప్పినప్పుడు ఆశ్చర్యపోయాము. దగ్గుతో నెత్తురు పడి మరణించేవారిలో ఎక్కువ మంది నెత్తురు తరిగిపోయి చనిపోరు. ఊపిరాడక చనిపోతారు. మన పెద్ద గాలి గొట్టాలలో పట్టేది సుమారు 150 మిల్లీలీటర్లు మాత్రమే. అంటే ఒకటిన్నర టీ గ్లాసులంత. అంత నెత్తురు లోపల గడ్డకట్టి నిలిచినా గాలికి దారి ఉండదు. భారీగా నెత్తురు పడే రోగికి సరైన చికిత్స అందకపోతే సగానికి పైగా ప్రాణాపాయమే. "ఇంకా కొంచెమే పడింది, రేపు చూద్దాం" అన్న మాట ఎంత ప్రమాదకరమో దీనివల్ల తెలుస్తుంది. నేడు చారలా కనిపించినది రేపు ధారగా మారదని ఎవరు హామీ ఇవ్వగలరు?

కోత లేని చికిత్స

ఒకప్పుడు దీనికి మంచి చికిత్స లేదు. తెలుగునాట మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం శానిటోరియం క్షయ రోగులకు పేరుగాంచినది. స్ట్రెప్టోమైసిన్ మందు 1943లో కనుగొనబడక మునుపు అటువంటి చోట్ల విశ్రాంతి, మంచి గాలి, మంచి ఆహారమే ప్రధాన వైద్యం. ఛాతీలోకి గాలి ఎక్కించి, రోగం సోకిన ఊపిరితిత్తిని ముడుచుకొనేలా చేసి దానికి విశ్రాంతినిచ్చే పద్ధతి కూడా ఉండేది. తరువాతి కాలంలో ఛాతీ తెరిచి చెడిన భాగాన్ని తీసివేసే శస్త్రచికిత్సలు వచ్చాయి. కాని నెత్తురు కారుతుండగా, ఊపిరి అందని స్థితిలో ఆ పెద్ద శస్త్రచికిత్సను తట్టుకోలేని రోగులు చాలామంది ఉంటారు.

1973లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు జాక్ రెమీ, ఆయన సహచరులు క్రొత్త మార్గాన్ని వైద్యలోకానికి తెలిపారు. నెత్తురు కారుతున్న ధమనిలోకి లోపలి నుంచే వెళ్ళి దానిని మూసివేయటమే ఆ మార్గం. దీనినే శ్వాసనాళ ధమని ఎంబొలైజేషన్ అంటారు. నేడు ప్రపంచమంతటా భారీగా నెత్తురు పడే రోగులకు ఇది ప్రధాన చికిత్సగా నిలిచింది.

ఇది ఎలా చేస్తారు? ముందుగా రోగి శ్వాస నిలిచేలా చూస్తారు. నెత్తురు తగ్గేందుకు ట్రానెక్జామిక్ ఆమ్లం వంటి మందులిస్తారు. ఛాతీకి సీటీ యాంజియోగ్రాం తీసి, ఏ నాళం లావైందో, అది ఎక్కడ నుంచి బయలుదేరుతున్నదో పటం గీసినట్లు చూసుకుంటారు. తరువాత రోగిని క్యాథ్‌ల్యాబ్‌కు తీసుకువెళతారు. సాధారణంగా మత్తు ఇచ్చి పూర్తిగా నిద్రపుచ్చరు. గజ్జ దగ్గర, కొన్నిచోట్ల మణికట్టు దగ్గర, తిమ్మిరి ఇంజక్షను ఇచ్చి, రెండు మిల్లీమీటర్ల కంటె సన్నని గొట్టాన్ని ధమనిలోకి పంపుతారు. ఎక్స్‌రే తెరపై చూస్తూ దానిని మహాధమని వరకు, అక్కడి నుంచి చెడిన కొమ్మ వరకు నడిపిస్తారు. రంగుమందు ఎక్కించగానే మెలికలు తిరిగిన నాళం తెరపై చెట్టు వేరులా కనబడుతుంది. అప్పుడు ఇసుక రేణువులంత సన్నని కణాలను అందులోకి వదులుతారు. ఈ కణాల పరిమాణం సాధారణంగా 300 నుంచి 500 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు లోపు. అవి వెళ్ళి నాళాన్ని లోపల నుంచి మూసివేస్తాయి. పని ముగిశాక గొట్టాన్ని తీసివేసి, గ్రుచ్చిన చోట గట్టిగా నొక్కి పట్టుకుంటారు. కుట్లు ఉండవు.

మా సోదరుడు తెర మీద ఆ నాళాన్ని తన కళ్ళతో చూశాడు. "మొదట నల్లని వేర్లలా కనిపించింది హజ్రత్, తరువాత ఆ వేర్లు ఒక్కొక్కటిగా మాయమయ్యాయి" అని చెప్పాడు.

ఎంతవరకు పని చేస్తుంది?

ఈ చికిత్సతో నెత్తురు వెంటనే ఆగేది నూటికి 70 నుంచి 99 మందిలోనని వివిధ పరిశోధనల ఫలితాలు చెబుతున్నాయి. అయితే నిజం మొత్తం చెప్పాలి. కాలక్రమంలో మళ్ళీ నెత్తురు పడటం కూడా సామాన్యమే. వివిధ పరిశోధనలలో ఇది నూటికి పది మంది నుంచి సగానికి పైగా వరకు కనిపించింది. కారణం స్పష్టమే. మూసినది నాళాన్ని మాత్రమే, ఊపిరితిత్తిలోని గాయం అలాగే ఉన్నది. ఆ గాయం ఛాతీ గోడ నుంచి, భుజం వైపు నుంచి క్రొత్త నాళాలను తనవైపు లాక్కుంటుంది. గుంటలో బూజు ఉండ ఉన్నవారికి తిరిగి వచ్చే అవకాశం మరింత ఎక్కువ. వారిలో ఆరోగ్యం అనుమతిస్తే, నెత్తురు ఆగిన తరువాత తీరికగా శస్త్రచికిత్స చేసి చెడిన భాగాన్ని తీసివేయటమే శాశ్వత మార్గమని వైద్యులు చెబుతారు.

ఇబ్బందులు కూడా ఉన్నాయి. కొద్ది రోజులు ఛాతీ నొప్పి, మింగటానికి కష్టం కలగవచ్చు. ఇవి సాధారణంగా వాటంతటవే తగ్గుతాయి. చాలా అరుదుగా, వెన్నుపాముకు నెత్తురు అందించే నాళం కూడా అదే కొమ్మ నుంచి బయలుదేరుతుంది. పొరపాటున అది మూసుకుపోతే కాళ్ళు చచ్చుబడే ప్రమాదం ఉన్నది. అందుకే వైద్యులు ముందుగా తెరపై ఆ నాళం కోసం వెదుకుతారు. అందుకే ఈ పని అనుభవజ్ఞుల చేత చేయించుకోవాలి.

మా సోదరునికి ఎనిమిది నెలల తరువాత మళ్ళీ నెత్తురు పడింది. ఈసారి ఆయన దాచలేదు. మొదటి చార కనిపించిన రోజే ఆసుపత్రికి వెళ్ళాడు. రెండవసారి ఎంబొలైజేషన్ జరిగింది. అప్పుడు ఆయన మమ్ములనొక ప్రశ్న వేశాడు: "హజ్రత్, ఒకసారి చేసింది నిలవలేదు. మళ్ళీ మళ్ళీ చేయించుకోవటం అల్లాహ్ తీర్పుతో పోట్లాడటం కాదా?"

మేము ఆయనకు హజ్రత్ సాద్ బిన్ ముఆజ్ (రజియల్లాహు అన్హు) వృత్తాంతం చెప్పాము. ఖందక్ యుద్ధంలో ఆయన చేతి నరానికి బాణం తగిలి నెత్తురు ఆగలేదు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) స్వయంగా తమ చేతితో ఆ గాయానికి వాత పెట్టి నెత్తురు ఆపారు. ఆ చోట వాచింది. అప్పుడు రెండవసారి కూడా వాత పెట్టారు. సహీహ్ ముస్లింలో హజ్రత్ జాబిర్ (రజి) ద్వారా ఈ హదీసు ఉన్నది. తరువాత కొంతకాలానికి ఆ గాయం తిరిగి తెరుచుకొని హజ్రత్ సాద్ (రజి) షహాదత్ పొందారు. అల్లాహ్ నిర్ణయం నెరవేరింది. కాని ఆ నిర్ణయం ఏమిటో అందరికంటే బాగా అల్లాహ్‌పై నమ్మకముంచిన ప్రవక్త చేయి రెండవసారి చికిత్స చేయటం మానలేదు. ప్రయత్నం మన బాధ్యత, ఫలితం ఆయన చేతిలో ఉన్నది. ఇదే తవక్కుల్.

ఉహుద్ యుద్ధంలో ప్రవక్త (స) ముఖానికి గాయమై నెత్తురు కారినప్పుడు హజ్రత్ ఫాతిమా (రజి) నీళ్ళతో కడిగారు. నీళ్ళతో నెత్తురు ఆగటం లేదని గ్రహించి, చాప ముక్కను కాల్చి ఆ బూడిదను గాయంపై అద్దారు. నెత్తురు ఆగింది. ఒక మార్గం పని చేయకపోతే మరొక మార్గం వెదకటం ప్రవక్త ఇంటి ఆనవాయితీ.

ఇళ్ళలో తలెత్తే షరీఅత్ ప్రశ్నలు

ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో బంధువులు మమ్ములనడిగిన కొన్ని ప్రశ్నలకు జవాబులు ఇక్కడ చెబుతున్నాము. మేము చదివినది హనఫీ ఫిఖ్హ్. ఇతర మస్లక్‌ల వారు తమ ఉలమాను సంప్రదించవచ్చు.

ఆ కణాలు దేనితో తయారవుతాయి? సర్వసాధారణంగా వాడేవి పాలీవినైల్ ఆల్కహాల్ అనే కృత్రిమ పదార్థపు కణాలు. పేరులో ఆల్కహాల్ ఉన్నా అది మద్యం కాదు, మత్తు కలిగించదు. ఒక రకం ప్లాస్టిక్ వంటిది. దీనిపై ఏ అభ్యంతరమూ లేదు. కొన్నిచోట్ల జెలటిన్ స్పాంజిని ముక్కలు చేసి వాడతారు. అది పంది చర్మం నుంచి తయారైనది కావచ్చు. కాబట్టి సమయముంటే, "కృత్రిమ కణాలు వాడగలరా?" అని వైద్యుణ్ణి మర్యాదగా అడగాలి. అవి అందుబాటులో లేక, ప్రాణం మీదికి వచ్చి, వేరే మార్గం లేదని నమ్మకస్తుడైన వైద్యుడు చెబితే ఆగకూడదు. గత్యంతరం లేనివానికి సూరా బఖరా 173వ ఆయత్‌లో అల్లాహ్ ఇచ్చిన వెసులుబాటు ఇటువంటి సమయాల కోసమే. ప్రశ్న అడగటం తఖ్వా. జవాబు కోసం ప్రాణం పోగొట్టుకోవటం తఖ్వా కాదు.

వుజూ సంగతి? దగ్గులో వచ్చిన నెత్తురు ఉమ్ముకంటె ఎక్కువై, ఉమ్ము ఎర్రబడితే వుజూ భంగమవుతుంది. ఉమ్ము ఎక్కువై, లేత పసుపు రంగులో ఉంటే భంగం కాదు. ఒక నమాజు సమయమంతా నెత్తురు ఆగకుండా వస్తూ ఉంటే ఆ రోగి మాజూర్ అవుతాడు. ప్రతి నమాజు సమయానికి ఒక వుజూ చేసుకొంటే చాలు.

నమాజు సంగతి? గజ్జ దగ్గర గొట్టం పెట్టినవారు కొన్ని గంటలు కాలు కదపకుండా వెల్లకిలా పడుకోవాలి. ఆ సమయంలో లేచి రుకూ, సజ్దా చేస్తే గ్రుచ్చిన చోట నెత్తురు కారుతుంది. పడుకొనే తల సైగతో నమాజు చేయాలి. నిలబడలేనివారు కూర్చొని, అదీ వీలుకాకపోతే ప్రక్కకు పడుకొని నమాజు చేయవచ్చని ప్రవక్త (స) హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు బోధించారు. రోగిని బలవంతంగా లేపే బంధువు ఆయనకు మేలు చేయటం లేదు.

రమజానులో అయితే? నెత్తురు పడుతున్న రోగి ఉపవాసం ఆపివేసి, కోలుకున్నాక ఖజా చేసుకోవచ్చు. ఉపవాసం ముగిసేవరకు చికిత్సను వాయిదా వేయరాదు.

పర్దా సంగతి? స్త్రీలకు మహిళా నర్సు దగ్గరుండాలని కోరవచ్చు. మణికట్టు నుంచి చేయటానికి వీలుంటుందా అని అడగవచ్చు. శరీరంలో అవసరమైనంత మేరకే తెరుస్తారు. అవసరం మేరకు వైద్యుడు చూడటానికి షరీఅత్‌లో అనుమతి ఉన్నది. సిగ్గు పేరుతో నెత్తురును దాచుకునే తల్లులు, సోదరీమణులు ఈ మాట గుర్తుంచుకోవాలి.

జకాత్ ఇవ్వవచ్చా? రోగి జకాత్‌కు అర్హుడైతే తప్పక ఇవ్వవచ్చు. అయితే సొమ్మును రోగి చేతికి, లేదా ఆయన తరఫు మనిషికి ఇచ్చి యజమానిని చేయాలి. ఆయన ఆసుపత్రికి చెల్లించుకుంటాడు. ఆరోగ్యశ్రీ పథకం 2007లో ప్రారంభమైంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి పది లక్షల రూపాయల వరకు పరిమితి పెంచారు. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి, తమకు వ్రాసిన చికిత్స పథకంలో ఏ పేరుతో ఉన్నదో, ఆ ఆసుపత్రిలో వర్తిస్తుందో లేదో ముందే అడగాలి. అప్పు చేసిన తరువాత అడిగితే ప్రయోజనం ఉండదు.

నెత్తురు కనిపించిన రోజు ఏం చేయాలి?

కొద్దిగా చార కనిపించినా ఆ రోజే వైద్యుణ్ణి కలవాలి. హుజూర్‌నగర్, కోదాడ, మిర్యాలగూడలలో ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి. సూర్యాపేటలో 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తున్నది. ఎంబొలైజేషన్‌కు క్యాథ్‌ల్యాబ్, ఆ పనిలో శిక్షణ పొందిన రేడియాలజిస్టు కావాలి. కాబట్టి హైదరాబాదు, విజయవాడ వంటి నగరాలకు వెళ్ళవలసి రావచ్చు. కోదాడ నుంచి రెండు నగరాలకూ ఒకే జాతీయ రహదారి. పాత టీబీ రోగులు ఉన్న కుటుంబాలు ఆరోగ్యంగా ఉన్నప్పుడే తమ వైద్యుణ్ణి "అవసరమైతే ఎక్కడికి వెళ్ళాలి?" అని అడిగి వ్రాసి పెట్టుకోవాలి. అర్ధరాత్రి ఆ ప్రశ్నకు జవాబు దొరకదు. మాకు దొరకలేదు.

గ్లాసుల కొద్దీ పడుతూ ఉంటే వెంటనే 108కు ఫోను చేయాలి. రోగిని వెల్లకిలా పడుకోబెట్టరాదు. కూర్చోబెట్టి ముందుకు వంచాలి. ఏ వైపు ఊపిరితిత్తి చెడిందో తెలిసి ఉంటే ఆ వైపు క్రిందికి వచ్చేలా పడుకోబెట్టాలి. అలా చేస్తే మంచి ఊపిరితిత్తిలోకి నెత్తురు చేరదు. నెత్తురును మ్రింగనివ్వక ఉమ్మివేయించాలి. బలవంతంగా నీళ్ళు, సబ్జా, పాలు త్రాగించరాదు. పడిన నెత్తురును ఒక గిన్నెలో ఉంచి వైద్యునికి చూపాలి, ఎంత పడిందో దానివల్ల తెలుస్తుంది. పాత ఎక్స్‌రేలు, టీబీ కార్డు, వాడుతున్న మందుల చీటీ వెంట తీసుకువెళ్ళాలి. గుండెకు నెత్తురు పల్చబడే మాత్రలు వాడుతున్నా, మధుమేహం ఉన్నా, కిడ్నీ జబ్బు ఉన్నా మొదటే చెప్పాలి.

చికిత్స తరువాత బీడీ పూర్తిగా మానాలి. దుమ్ములో పని ఉంటే మాస్కు తప్పనిసరి, వీలైతే పని మార్చుకోవాలి. నెత్తురు ఆగిందని వైద్యుణ్ణి కలవటం మానరాదు. మా సోదరుడు మొదటిసారి తరువాత చేసిన పొరపాటు ఇదే.

దాచిపెట్టటం పరువు కాదు

పాఠక మహాశయులారా! దమ్ చేయటం, దుఆ చేయటం మా పని, మానబోము. ఫాతిహా సూరాతో రోగికి దమ్ చేయటం సహాబాల ఆచరణలో ఉన్నది. అయితే ప్రవక్త (స) దుఆ చేసి ఊరుకోలేదు. హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) ఛాతీ బాధతో ఉన్నప్పుడు పరామర్శకు వెళ్ళి, ఆయన ఛాతీపై చేయి ఉంచి, సఖీఫ్ తెగకు చెందిన వైద్యుడు హారిస్ బిన్ కలదా వద్దకు వెళ్ళమని చెప్పారు. ఆ సంఘటన అబూదావూద్ హదీసు గ్రంథంలో ఉన్నది. ఛాతీపై చేయి ఉంచటం, వైద్యుని వద్దకు పంపటం ఆ ఒక్క పరామర్శలోనే జరిగాయి. మేము ఆ రోజు మొదటిది చేసి రెండవది మరిచాము.

అందుచేత మా వంటి ఇమాములకు, ఉస్తాదులకు ఒక మనవి. ఎవరైనా దగ్గుకు దమ్ కోరి వస్తే, నీళ్ళు ఇచ్చే ముందు "తెమడలో నెత్తురు పడుతోందా? ఎన్నాళ్ళ నుంచి? ఆసుపత్రికి వెళ్ళావా?" అని అడగండి. చాటుగా అడగండి, మెల్లగా అడగండి, కాని అడగండి. తల్లిదండ్రులకు మరొక మనవి. ఆడపిల్ల నిఖా కోసం తండ్రి రోగం దాచితే, రేపు ఆ నిఖాకు వలీగా ఎవరు కూర్చుంటారు?

మా సోదరుని కుమార్తె నిఖా గత షవ్వాల్‌లో మా మస్జిదులోనే జరిగింది. వరుని తరఫువారికి తండ్రి అనారోగ్యం గురించి ముందే చెప్పారు. వారు అడిగినది ఒక్కటే: "ఇప్పుడెలా ఉన్నారు?" వలీ స్థానంలో ఆ సోదరుడే కూర్చున్నాడు. పదకొండేళ్ళనాడు నోరు విప్పిన ఆ పిల్లవాడు, నేడు పదమూడేళ్ళవాడై, అతిథులకు ఖర్జూరాలు పంచాడు. మమ్ములను చూసి నవ్వాడు. ఆ రోజు ఆ పిల్లవాడు మాకు చెప్పటం తన బాధ్యత నెరవేర్చాడు. వినికూడా మిన్నకున్నది మేమే.

అల్లాహ్ మా పొరపాటును మన్నించుగాక! రోగులందరికీ షిఫాను, వారికి సేవ చేసేవారికి సహనాన్ని, వైద్యుల చేతులకు స్థిరత్వాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.